కర్నూలులో రీఫ్ ట్యాంక్: నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించడానికి ఏ మీడియా వేయాలి?

రీఫ్ ట్యాంక్‌లో, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల ట్యాంక్‌లో, రాళ్ల మీద పచ్చటి నాచు పెరిగినా, కోరల్స్ రంగు పోయి గోధుమరంగుకు తిరిగినా మనలో చాలామంది మొదట చేసే పని షాపుకు ఫోన్ చేసి "ఏదైనా మంచి మీడియా పంపన్నా" అని అడగడం. మీడియా అంటే నీళ్లను శుభ్రం చేయడానికి ఫిల్టర్‌లో వేసే పదార్థం. షాపువాళ్లు తమ దగ్గర ఉన్నది పంపిస్తారు. ఒకసారి కార్బన్ వస్తుంది, ఇంకోసారి సిరామిక్ రింగులు, మరోసారి ఫాస్ఫేట్ రిమూవర్. ఈ మూడూ చేసే పనులు వేరువేరు. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే డబ్బు పోవడమే కాదు, ఒక్కోసారి కోరల్స్ కూడా పోతాయి.

కాబట్టి మీడియా కొనేముందు రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలి. నాచుకు తిండి అయ్యే పోషకాల్లో మీ నీళ్లలో పెరిగింది నైట్రేటా, ఫాస్ఫేటా, రెండూనా? అది ఎక్కడి నుంచి వస్తోంది? సముద్రానికి దూరంగా, బోరు నీళ్ల మధ్య, 40 డిగ్రీలు దాటే ఎండల్లో ట్యాంక్ నడిపే కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు రెండో ప్రశ్న మొదటిదానికంటే పెద్దది. కింద చెప్పే లెక్కలన్నీ 200 లీటర్ల ట్యాంక్‌కు వేశాను. మీ ట్యాంక్ సైజును బట్టి మార్చుకోండి.

ముందు కొలవండి

నైట్రేట్‌కు రంగు చూసి పోల్చే కిట్ చాలు. సాలిఫర్ట్ కిట్ అయితే అంకె తక్కువగా ఉన్నప్పుడు సీసాను పక్క నుంచి చూసి, వచ్చిన విలువను 10తో భాగించాలి. ఇది చాలామంది వదిలేస్తారు. కొన్ని కిట్లు నైట్రేట్‌ను కాకుండా నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను మాత్రమే చూపిస్తాయి. అలాంటి కిట్ అయితే వచ్చిన అంకెను 4.4తో గుణించండి. ట్యాంక్ కొత్తదై ఇంకా నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో వచ్చే పదార్థం) ఉంటే నైట్రేట్ కూడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. నైట్రైట్ సున్నా అయ్యేదాకా ఆ అంకెను నమ్మకండి.

ఫాస్ఫేట్‌కు మాత్రం డిజిటల్ చెకర్ కొనండి. 0.03కూ 0.10కూ మధ్య తేడా కంటికి ఆనదు, మనకు కావలసింది సరిగ్గా ఆ తేడానే. హానా వాళ్ల ఫాస్ఫరస్ చెకర్ అంకెను పీపీబీలో (వంద కోట్ల భాగాల్లో ఎన్ని భాగాలో) ఇస్తుంది. దాన్ని 3.07తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో, అంటే దాదాపు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో) వస్తుంది. చెకర్ 20 చూపిస్తే ఫాస్ఫేట్ సుమారు 0.06 అన్నమాట. ఆ చిన్న గాజు సీసాను ప్రతిసారీ శుభ్రంగా తుడవాలి, వేలిముద్ర పడినా అంకె మారిపోతుంది.

ఎంత ఉండాలి? జోవాంథిడ్స్, మష్రూమ్, లెదర్, హ్యామర్, టార్చ్ లాంటి కోరల్స్ ఉంటే నైట్రేట్ 5 నుంచి 20 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.10 వరకు ఉన్నా ఇబ్బంది లేదు. అక్రోపోరా, మాంటిపోరా లాంటి కొమ్మల కోరల్స్‌కు నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.08 మధ్య ఉంచండి. సున్నా కోసం మాత్రం ప్రయత్నించకండి. కోరల్ కణాల్లో ఉండే సూక్ష్మమైన ఆల్గేకు కూడా నైట్రోజన్, ఫాస్ఫరస్ కావాలి. అవి అందకపోతే కోరల్ పాలిపోతుంది. రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లోనే గాలి బుడగలతో జిగురుగా సాగే గోధుమరంగు డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) పడతాయి. పచ్చ నాచు కంటే వాటిని వదిలించుకోవడం చాలా కష్టం.

ఇంకో మాట. ట్యాంక్ నిండా నాచు ఉండి కిట్ సున్నా చూపిస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కాదు. వచ్చింది వచ్చినట్టు నాచే తినేస్తోందని అర్థం.

రోజూ పోసే నీళ్ల లెక్క

మన ఊళ్లలో ఈ భాగమే అసలు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు చల్లబడడానికి ట్యాంక్ మీద ఫ్యాన్లు పెడతాం. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ బాగా పనిచేస్తుంది, కానీ నీళ్లూ అంతే వేగంగా ఆవిరవుతాయి. రోజుకు 5 లీటర్లు తగ్గాయనుకుందాం. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆ 5 లీటర్లను మంచినీళ్లతో నింపాలి.

ఆ నీళ్లు ఎక్కడివి? తాగేనీటిలో నైట్రేట్‌కు భారత ప్రమాణాల హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఎరువులు వేసే పొలాల పక్కన, సెప్టిక్ ట్యాంకులు దగ్గరదగ్గరగా ఉన్న కాలనీల్లో బోరు నీళ్లు ఆ హద్దు దాటడం మామూలే. సరే, సరిగ్గా 45 ఉందనే అనుకుందాం. రోజుకు 5 లీటర్లు పోస్తే 225 మిల్లీగ్రాముల నైట్రేట్ ట్యాంక్‌లోకి చేరుతుంది. 200 లీటర్లకు అది రోజుకు 1.1 పీపీఎం. నెల తిరిగేసరికి 33 పీపీఎం పైమాట. చేపకు ఒక్క మెతుకు మేత వేయకపోయినా పెరిగే నైట్రేట్ ఇది! దీన్ని ఏ మీడియాతో తగ్గించినా మరుసటి రోజు మళ్లీ మన చేతులతోనే పోస్తాం.

"మాది బోరు కాదు, మున్సిపల్ కొళాయి" అంటారా? కర్నూలుకు వచ్చే తుంగభద్ర నీళ్లు చాలా బోర్ల కంటే నయమే, కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది, సిలికేట్ ఉంటుంది. సిలికేట్ ఉంటే గాజు మీద గోధుమరంగు పొర వదలకుండా పడుతుంటుంది. వీధిలో ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్లు ఆర్‌ఓ చేసినవే అయినా, రుచి కోసం టీడీఎస్‌ను (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని) కొంత ఉంచి అమ్ముతారు. ఇంట్లో గోడకు ఉండే ప్యూరిఫైయర్‌లోనూ టీడీఎస్ కంట్రోలర్ పేరుతో పచ్చి నీళ్లను కొంచెం మళ్లీ కలుపుతారు. తాగడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. రీఫ్ ట్యాంక్‌కు పనికిరావు.

ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిపోయిన లవణాలను పట్టేసే గుళికలు) నింపిన గొట్టం ఒకటి తప్పకుండా పెట్టుకోండి. ఆర్‌ఓ పొరలో నుంచి మిగతా లవణాల కంటే నైట్రేట్ కొంచెం సులువుగా జారిపోతుంది. దాన్ని పట్టేది ఈ రెసినే. చేతిలో ఇమిడే టీడీఎస్ మీటర్ ఒకటి కొని మూడు చోట్ల కొలవండి: వచ్చే నీళ్లు, ఆర్‌ఓ నుంచి బయటికొచ్చిన నీళ్లు, డీఐ దాటిన నీళ్లు. మొదటిది 900 ఉండి రెండోది 45 దగ్గర ఉంటే పొర సరిగా పనిచేస్తున్నట్టు. రెండోది 100 దాటిందంటే పొర మార్చే సమయం వచ్చింది. అది అరిగిపోయాక ఎన్ని రెసిన్ గొట్టాలు పెట్టినా వారాల్లో అయిపోతాయి. చివరి అంకె సున్నా ఉండాలి. రెండో మూడో చూపించడం మొదలైతే "కొంచెమే కదా" అనుకోకుండా రెసిన్ మార్చండి. నిండిపోయిన రెసిన్ అప్పటిదాకా పట్టుకున్నవాటిలో కొన్నింటిని వదిలేయడం మొదలుపెడుతుంది.

ఉప్పు కలిపిన కొత్త నీళ్లలో కూడా ఒకసారి నైట్రేట్, ఫాస్ఫేట్ చూడండి. అక్కడే అంకె కనిపిస్తే ట్యాంక్‌ను అని లాభం లేదు.

నీళ్లు మారిస్తే సరిపోదా అని అడుగుతారు. పదో వంతు మారిస్తే నైట్రేట్ పదో వంతే తగ్గుతుంది. 40 ఉన్నది 36 అవుతుంది. అలా ఐదుసార్లు మార్చినా 24 దగ్గర ఆగుతుంది, అదీ ఆ మధ్యలో కొత్తగా ఏమీ చేరకపోతేనే. నీళ్లు మార్చడం అవసరమే, కానీ ఉప్పు ధర చూసుకుంటే నైట్రేట్‌ను దించడానికి దీన్నొక్కటే నమ్ముకోలేం.

మేత లెక్క

ఫాస్ఫేట్ ఎక్కువగా వచ్చేది ఇక్కడి నుంచే. పొడి మేతలో ఫాస్ఫరస్ దాదాపు 1 శాతం ఉంటుంది. అంటే 1 గ్రాము మేతతో 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, ఫాస్ఫేట్‌గా చూస్తే 30 మిల్లీగ్రాములు. అదంతా 200 లీటర్లలో కరిగితే 0.15 పీపీఎం. మనం ఉంచాలనుకునే మొత్తం కంటే ఎక్కువ, ఒక్క గ్రాముతోనే. చేప ఒంటికి పట్టేది, స్కిమ్మర్ (నురుగుతో మలినాన్ని బయటికి తీసే పరికరం) లాగేది పోగా మిగిలేది ఇంత ఉండదు, నిజమే. అయినా చిటికెడు మేతను రెండు విడతలుగా వేసి, రెండు నిమిషాల్లో తినేంతే వేయడం ఏ మీడియా కంటే చవక. చేపను పస్తు పెట్టమని మాత్రం అనడం లేదు. చిక్కిపోయిన చేపకు జబ్బులు తొందరగా వస్తాయి.

నీళ్లూ మేతా సరిచేసుకున్నాక రెండు వారాలు ఆగి మళ్లీ కొలవండి. చాలా ట్యాంకుల్లో సగం సమస్య అక్కడే తీరుతుంది. తీరనిదానికి ఇప్పుడు మీడియా చూద్దాం.

అందరికీ కావలసినవి: దూది, కార్బన్

ఫిల్టర్ దూది మలినాన్ని కుళ్లకముందే పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని మీరు తీసేస్తేనే లాభం. రెండు మూడు రోజులకు మార్చకపోతే ఆ మలినం అక్కడే కుళ్లి అమ్మోనియాగా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారి నీళ్లలోకే వస్తుంది. వారాల తరబడి అలాగే వదిలేసేవాళ్లు అసలు దూది పెట్టకపోవడమే మేలు. పరుపుల షాపులో దొరికే దిండు దూది చవకే, కానీ మెత్తదనం కోసం చాలా రకాలకు సిలికాన్ పూత వేస్తారు. పూత లేనిదని తేలితేనే వాడండి.

కార్బన్ నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ తగ్గించదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ ఆశతోనే ఎక్కువమంది కొంటారు. అది నీళ్లలోని పసుపుదనాన్ని, వాసనను, లెదర్ లాంటి కోరల్స్ వదిలే విషపదార్థాలను లాగుతుంది. వెలుతురు కింది దాకా వెళుతుంది. దాని విలువ దానిది. నెలకోసారి మార్చండి. కొన్ని రకాల కార్బన్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్‌తో తయారుచేస్తారు. అలాంటిది తిరిగి ఫాస్ఫేట్‌నే వదులుతుంది. అందుకే కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడు ఒక చెంచా కార్బన్‌ను గ్లాసుడు డీఐ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్లలో ఫాస్ఫేట్ కొలవండి. అంకె బాగా లేస్తే ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి. వంటకు, కుంపటికి వాడే బొగ్గు దీనికి బదులు కాదు.

ఫాస్ఫేట్ పెరిగితే: జీఎఫ్‌ఓ

నైట్రేట్ సరిగా ఉండి ఫాస్ఫేట్ ఒక్కటే 0.15, 0.3 అలా ఉంటే మీకు కావలసింది జీఎఫ్‌ఓ, అంటే ఐరన్ ఆక్సైడ్ గుళికలు. తుప్పు రంగులో ఉంటాయి, ఫాస్ఫేట్‌ను తమ మీద అంటించుకుంటాయి. బాగా పనిచేస్తాయి. అసలు ప్రమాదం కూడా అదే.

ప్యాకెట్ మీద రాసిన మోతాదులో మూడో వంతుతో మొదలుపెట్టండి. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే అక్రోపోరా కొనలు తెల్లబడి, చర్మం ఊడిపోతుంది. 0.3 నుంచి 0.1కి రావడానికి మూడు నాలుగు వారాలు పట్టనివ్వండి. ఆ వారాల్లో ఆల్కలినిటీని (నీళ్లలోని కార్బనేట్ల మోతాదు, దాని కొలత డీకేహెచ్) 7 నుంచి 8.5 డీకేహెచ్ మధ్య కదలకుండా ఉంచండి. పోషకాలు తగ్గుతున్న నీళ్లలో ఆల్కలినిటీ 10, 11 ఉంటే కొమ్మల కోరల్స్ తట్టుకోలేవు.

వాడే ముందు గుళికలను డీఐ నీళ్లలో ఎర్రటి పొడి పోయేదాకా కడగండి. రియాక్టర్‌లో (మీడియాలో నుంచి పంపుతో నీళ్లు పారించే గొట్టంలో) వేస్తే పైపొర మాత్రమే సన్నగా కదిలేలా పంపు తగ్గించండి. ఉడుకుతున్నట్టు తిప్పితే గుళికలు ఒకదానికొకటి రాసుకుని పొడై ట్యాంక్‌లోకి వస్తాయి. రియాక్టర్ లేనివాళ్లు సన్న జాలీ సంచిలో కట్టి, ట్యాంక్ కింది సంప్‌లో నీళ్లు జోరుగా పారేచోట పెట్టొచ్చు. వారానికోసారి సంచిని మెల్లగా పిసకాలి, లేకపోతే గట్టి ముద్దవుతుంది.

అది అయిపోయిందో లేదో క్యాలెండర్ చెప్పలేదు. రియాక్టర్ నుంచి బయటికొచ్చే నీళ్లలో ఫాస్ఫేట్ కొలిచి, ట్యాంక్ నీళ్లతో పోల్చండి. రెండూ ఒకటే అయితే గుళికలు నిండిపోయాయి. మొదట్లో తగ్గిన అంకె పది రోజుల్లో మళ్లీ లేస్తే గుళికలు పనిచేయలేదని అనుకోకండి. ఏళ్ల తరబడి రాళ్లూ ఇసుకా పీల్చుకున్న ఫాస్ఫేట్ ఇప్పుడు మెల్లగా బయటికి వస్తుంది. పాత ట్యాంకుల్లో ఇది నెలలు సాగుతుంది. ఓపికగా గుళికలు మారుస్తూ పోవడమే.

తెల్లగా ఉండే అల్యూమినియం ఆక్సైడ్ రకం కూడా ఫాస్ఫేట్‌ను లాగుతుంది, కానీ లెదర్ కోరల్స్ దానికి ముడుచుకుపోతుంటాయి. మీ ట్యాంక్‌లో అవి ఎక్కువుంటే దాని జోలికి వెళ్లకండి. లాంథనమ్ క్లోరైడ్ ద్రావణం చవక, వేగం. అయితే అది తెల్లటి సన్న నలుసులుగా విరుగుతుంది, ఆ నలుసులు చేపల మొప్పలకు మంచివి కావు. కొత్తవాళ్లకు నేను చెప్పను.

నైట్రేట్ పెరిగితే

నైట్రేట్‌ను జీఎఫ్‌ఓలాగా అంటించుకుని పట్టే మీడియా ఉప్పునీళ్లలో లేదు. ఇక్కడ పని చేసేది బ్యాక్టీరియా లేదా మొక్క. షాపులో "అమ్మోనియా, నైట్రేట్ రిమూవర్" అని ఇచ్చే జియోలైట్ మంచినీళ్ల ట్యాంక్‌లో అమ్మోనియాను పట్టేది. సముద్రపు నీళ్లలో సోడియం అంత ఎక్కువగా ఉండగా అమ్మోనియాకు అందులో చోటు దొరకదు. బయో బాల్స్ అనే ప్లాస్టిక్ బంతులు, మామూలు సిరామిక్ రింగులు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి, అక్కడితో ఆగిపోతాయి. నైట్రేట్ 40 ఉన్నవాళ్లు ఇంకో కిలో రింగులు వేస్తే ఏమీ తగ్గదు.

లోపల సన్నటి రంధ్రాలు ఎక్కువగా ఉన్న రాయి, ఇటుకల్లాంటి బ్లాకులు వేరు. వాటి లోపలికి ఆక్సిజన్ అందదు, అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. నీళ్లు నెమ్మదిగా పారేచోట, దూది తర్వాత పెట్టండి. ఫలితానికి నెలలు పడుతుంది. ఖర్చు ఒక్కసారే, కరెంటు పోయినా పెద్దగా భయం లేదు. మన ఊళ్లకు ఇది నాకు బాగా నచ్చే పద్ధతి. సముద్రం నుంచి తీసిన "లైవ్ రాక్" ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. రీఫ్ కట్టే కోరల్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. తయారుచేసిన పొడి రాయి ఆ పనే చేస్తుంది, పైగా పురుగూ పుట్రా రావు.

బయో పెల్లెట్లు బ్యాక్టీరియాకు తిండి. వాటిని తిని పెరిగే బ్యాక్టీరియా నైట్రేట్‌ను ఎక్కువగా, ఫాస్ఫేట్‌ను కొద్దిగా వాడుకుంటుంది. ఆ బ్యాక్టీరియాను స్కిమ్మర్ బయటికి లాగాలి. కాబట్టి మంచి స్కిమ్మర్ లేనివాళ్లు వీటిని మొదలుపెట్టకండి. రియాక్టర్ నుంచి వచ్చే గొట్టాన్ని స్కిమ్మర్ నోటి దగ్గరే వదలండి. మోతాదులో మూడో వంతుతో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలు చూశాకే పెంచండి. ఇందులో ఒక మెలిక ఉంది. ప్రాణులు నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ బరువు ప్రకారం సుమారు 10కి 1 నిష్పత్తిలో వాడుకుంటాయి. ఫాస్ఫేట్ సున్నాకు వస్తే నైట్రేట్ తగ్గడం కూడా ఆగిపోతుంది. పెల్లెట్లతో పాటు జీఎఫ్‌ఓ కూడా గట్టిగా నడిపి, "నైట్రేట్ 30 దగ్గర కదలడం లేదు" అని తల పట్టుకునేవాళ్లకు జరిగేది ఇదే. అలాంటప్పుడు జీఎఫ్‌ఓ ఆపండి. అటు నైట్రేట్ 2 ఉండి ఫాస్ఫేట్ 0.3 ఉన్నచోట పెల్లెట్లు వేస్తే ఉన్న నైట్రేట్ కూడా పోయి ఫాస్ఫేట్ అలాగే ఉంటుంది.

రెండూ కలిసి పెరిగితే కీటో, అంటే తీగల్లా చిక్కుపడి పెరిగే కీటోమార్ఫా నాచు, అన్నిటికంటే మేలు. సంప్‌లో ఒక గదిలో వేసి రాత్రిపూట పన్నెండు గంటలు లైటు వేయండి. పెరిగినదాన్ని పిడికెడు తీసి పారేసినప్పుడే పోషకాలు బయటికి పోయినట్టు. తియ్యకుండా వదిలేస్తే లోపలిభాగం చచ్చి తిరిగి నీళ్లలోకే వదులుతుంది. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో కొరియర్‌లో తెప్పించుకోవాలి కాబట్టి నవంబర్, ఫిబ్రవరి మధ్య ఆర్డర్ పెట్టండి. మే నెలలో పార్సెల్ విప్పితే మిగిలేది కుళ్లు నీళ్లే.

ఎండాకాలం, కరెంటు

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. బయో పెల్లెట్ల వల్ల, అదే పనికి కొందరు కొలిచి పోసే వెనిగర్, వోడ్కా వల్ల పెరిగే బ్యాక్టీరియా ఆ తక్కువ ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. ఆ సమయంలో రెండు గంటలు కరెంటు పోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కాబట్టి వీటిని ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా మొదలుపెట్టకండి, మోతాదు పెంచకండి. ఇప్పటికే నడుస్తుంటే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచండి. ఇన్వర్టర్‌కు ముందు ఎక్కించాల్సింది నీళ్లను కదిపే పంపును. లైట్లు ఆగినా ఫరవాలేదు.

రియాక్టర్‌లోనూ, మూతపెట్టిన క్యానిస్టర్‌లోనూ గంటల తరబడి నీళ్లు నిలిచిపోతే లోపలి ఆక్సిజన్ అయిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టొచ్చు. కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, విషం కూడా. ఎక్కువసేపు పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు రియాక్టర్‌లోని పాత నీళ్లను బకెట్‌లోకి వంచి పారబోసి, ఆ తర్వాతే ట్యాంక్‌కు కలపండి. రాత్రిళ్లు కరెంటు పోయే కాలనీల్లో ఉంటే రియాక్టర్ పంపు దానంతటదే ఆన్ కాకుండా ఉండే స్విచ్ పెట్టుకోండి, మీరు లేచి చూశాకే వేసేలా.

ఎప్పుడు తగ్గించాలి

ఒకసారి ఒక్క మీడియానే మార్చండి. రెండు కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది దెబ్బతీసిందో తెలియదు. వారానికోసారి ఒకే రోజు, మేత వేయకముందు రెండు అంకెలు కొలిచి, ఆ వారం ఏం మార్చారో పక్కనే ఒక నోట్‌బుక్‌లో రాయండి. అంకె మీరు అనుకున్న చోటికి వచ్చి నాలుగు వారాలు కదలకుండా ఉంటే జీఎఫ్‌ఓను సగానికి తగ్గించండి. ఇంకో నెల అలాగే ఉంటే తీసేసి, సంచి కడిగి ఆరబెట్టి దాచండి. పెల్లెట్లను మాత్రం ఒక్కరోజులో తీసేయకండి, వారానికి కొంచెం చొప్పున తగ్గించాలి. ఫాస్ఫేట్ 0.03 కంటే కిందికి జారినట్టు కనిపిస్తే అదే రోజు జీఎఫ్‌ఓ పంపు ఆపి, మేత ఒక పూట పెంచి, మూడు రోజుల తర్వాత మళ్లీ కొలవండి.